మీటరు చెప్పని రెండు వేల కిలోమీటర్లు

సోమవారం, పద్నాలుగో తారీఖు. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. కందిపప్పు ఎండబోసి డబ్బాకెత్తాను. మావారి చొక్కాలు మూడింటికి గుండీలు కుట్టాను. గ్యాసు బండ మార్చాను. కరెంటు బిల్లు కట్టి వచ్చేసరికి పదకొండు దాటింది. చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, నేను మీ డ్రైవర్ పెండ్లాన్ని. నేరేడ్‌మెట్ నుంచి మాట్లాడుతున్న. మా ఆయన నిన్న పోయిండమ్మా."

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి, నాలుగింటికి టీకి లేపితే లేవలేదట. పొద్దున్నే దహనం కూడా అయిపోయిందట. "ఆయన పుస్తకంల మీ నంబర్ ముందుగాలనే ఉండె. చెప్పాలె గద అని చేసిన" అని ఆమె ఫోను పెట్టేసింది. తరువాత ఆ రోజు నేను ఏ పనీ చేయలేదు.

ఈ పత్రిక చదివే మన స్త్రీల సమాజం సభ్యులందరికీ అతను తెలుసు. ఆదివారం ఆరాధన ముగిసేదాకా చర్చి ప్రహరీ పక్కన మా పాత తెల్ల కారుకు ఆనుకుని, ఖాకీ చొక్కా జేబులో దువ్వెనతో నిలబడేవాడు. మీలో చాలామంది అతనితో ఒక్క మాటైనా మాట్లాడి ఉండరు. కానీ ఎనిమిది నెలలపాటు ప్రతి శుక్రవారం అతని కోసం ప్రార్థన చేశారు. చేయమని అడిగింది నేను. అందుకే అతను ఎలాంటివాడో చెప్పవలసింది కూడా నేనే.

మా కారు మీకు గుర్తుండే ఉంటుంది. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా కొన్నాం. వెనక పెద్ద డిక్కీ, ముందు పొడుగాటి ముక్కు. మావారి ఆఫీసు బాలానగర్‌లో. మెట్టుగూడ నుంచి రోజూ పదమూడు కిలోమీటర్లు వెళ్లడం, పదమూడు రావడం. దారిలో బోయిన్‌పల్లి మార్కెట్లో వారానికి సరిపడా కూరగాయలు. ఆదివారం చర్చి. అంతే దాని తిరుగుడు. అతను మా ఇంట్లో ఏడేళ్లు పనిచేశాడు.

పెట్రోలు లెక్క నాది. ట్యాంకు నిండా పోయించి మీటరు రీడింగు రాసుకునేదాన్ని. మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించేదాన్ని. లీటరుకు పదకొండు వచ్చేది. ఎండాకాలం ఏసీ వేస్తే పదిన్నర. ఏళ్ల తరబడి అదే. అలాంటిది ఒక ఏడాది వానలు మొదలయ్యాక తొమ్మిది వచ్చింది. తరువాతి సారి ఎనిమిదిన్నర. ఆ పైన ఎన్నిసార్లు చూసినా ఎనిమిదిన్నరే.

ఇల్లు నడిపే మనిషికి అనుమానం చాట లాంటిది. అది లేకపోతే బియ్యంలో రాళ్లు దొరకవు. మొదట బంకును అనుమానించాను. మా వీధి చివరి బంకు మానేసి తార్నాక వైపు పోయించాను. నేనే కారు దిగి, సున్నా చూసి, పైపు ఎత్తి ఆఖరి చుక్క దాకా పోయించేదాన్ని. "అమ్మా, మీరొస్తే మా ఓనర్ సుత లేచి నిలవడుతుండు" అని అక్కడ పోసే ఆయన నవ్వేవాడు. ఎనిమిదిన్నరే వచ్చింది. తరువాత మెకానిక్‌ను అనుమానించాను. ప్లగ్గులు మార్పించాను, గాలి ఫిల్టరు మార్పించాను, టైర్లలో గాలి కొలిపించాను. అయినా మార్పు లేదు. ఇక మిగిలింది బండి నడిపే మనిషి.

ట్యాంకు మూతకు నల్ల దారం చుట్టి ముడివేశాను, ఎవరైనా తీస్తే తెలియాలని. మర్నాడు బండి తుడుస్తూ అతను దారం చూశాడు, నన్ను చూశాడు.

"ఏందమ్మా, బండికి దిష్టి తాడు కట్టిన్రా? మీరు చర్చోళ్లు గద!"

"దిష్టి కాదులే. మూత వదులైంది."

"మంచిది. జెర గట్టిగ కట్టుండ్రి. గట్లుంటె ఎలుక పండ్లకు సుత తెగుతది."

ఇంకొకసారి డిక్కీ వెతికితే గజం పొడుగు ప్లాస్టిక్ గొట్టం దొరికింది. దొరికాడు అనుకున్నాను. "గది రేడియేటర్ల నీళ్లు పోసేదమ్మా, వాసన జూడుండ్రి" అన్నాడు. చూశాను. కొత్తిమీర వాసన వచ్చింది. అయినా, పెట్రోలు ఆరిపోతే వాసన ఉండదు కదా అని మనసులో ఒక మూల అనుకున్నాను. నా ముఖంలో ఆ మూల అతనికి కనబడినట్టుంది. "పెట్రోల్ నేను తాగుతనా అమ్మా? గుడుంబ గంతకన్న సస్తా" అని గొట్టాన్ని చుట్ట చుట్టి మళ్లీ డిక్కీలో పెట్టాడు.

పొద్దున్నే అతను బానెట్ ఎత్తి లోపలికి వంగి ఏదో చేసేవాడు. ఇదివరకు లేని అలవాటు. వంటింటి కిటికీలోంచి చూసి అడిగేదాన్ని, "రోజూ ఏం చేస్తావయ్యా అక్కడ?" అని.

"నీళ్లు జూస్తున్నమ్మా."

నీళ్లు చూస్తే చేతికి గ్రీజు ఎందుకంటుతుంది? నేను పట్టుకోవలసిన చోటే చూపు పెట్టాను. కానీ అతను పెట్రోలు పైపుతోనే ఏదో చేస్తున్నాడని నమ్మాను.

దసరా సెలవుల్లో మావారు వారం రోజులు టూరు వెళ్లారు. కారు నా చేతిలో ఉంది. ఎక్కడికి వెళ్లినా నేను వెనక సీట్లో ఉన్నాను. ఆ ట్యాంకుకు సరిగ్గా పదకొండు వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి? నేను కూర్చుంటే తియ్యడు. నేను లేకపోతే, మావారు ఆఫీసులో ఉన్న తొమ్మిది గంటలూ బండి అతని దగ్గరే ఉంటుంది కనుక తీస్తాడు. ఆ లెక్కలో తప్పు లేదని మావారితో చెప్పాను.

"పాత బండి, తాగుతుంది. ప్రతిదానికీ అనుమానమేనా?" అన్నారాయన, పేపరు దించకుండా.

"నేను కూర్చుంటే తాగదు, మీరు కూర్చుంటే తాగుతుందా?"

"డ్రైవర్లు దొరకడం లేదే ఈ రోజుల్లో. ఉండనీ."

ఆయన మెతక మనిషి, అందుకే దొంగను వెనకేసుకొస్తున్నారు అనుకున్నాను.

మన కూడికల్లో ఒక మర్యాద ఉంది. ఎవరిమీదా చాడీలు చెప్పకూడదు. కానీ ప్రార్థన అంశం ఇవ్వవచ్చు. దసరా తరువాతి శుక్రవారం నేను లేచి నిలబడి, "మా డ్రైవర్ కోసం ప్రార్థన చేయండి, పెట్రోలు విషయంలో శోధనలో పడ్డాడు, అతనికి మారుమనస్సు కలగాలి" అన్నాను. నా గొంతులో బాధే ఉంది. అది చాడీ అని అప్పుడు నాకు అనిపించలేదు. కార్యదర్శి అమ్మగారు పుస్తకంలో రాసుకున్నారు. మీరంతా తల వంచారు. మీలో సగంమంది ఇళ్లలో డ్రైవర్లున్నారు. ఆ సాయంత్రానికే ఆ మాట అన్ని ఇళ్లకూ చేరింది.

రెండు మూడు వారాలయ్యాక, చర్చి నుంచి వస్తూ అద్దంలో నన్ను చూసి అడిగాడు. "అమ్మా, గీ నడుమ మీ చర్చి అమ్మగార్లు నన్ను జూడంగనే కండ్లు మూస్కుంటున్నరు. నా మొకం గంత ఖరాబున్నదా?"

మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అతని గురించి అనుమానం కాక వేరే విషయాలు కూడా నాకు తెలుసు. అవి నేను ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. అతను బ్రేకు కొట్టగా మేం ముందుకు తూలిన రోజు ఒక్కటీ గుర్తులేదు. దూరాన ఎర్రలైటు కనబడగానే కాలు తీసేసేవాడు, బండి తనంతట తనే నెమ్మదించి లైటు దగ్గరికి చేరేది. "బ్రేకు గుద్దుడంటే పైసలు వెట్టి కొన్న పెట్రోల్ను రోడ్డుమీద పారబోసుడే అమ్మా" అనేవాడు. "మైలేజ్ ఇంజిన్ల ఉండది, కాల్ల ఉంటది." దొంగతనం చేసేవాడికి చుక్క పెట్రోలు మీద ఇంత ప్రేమ ఎందుకో నేను ఆలోచించి ఉండవలసింది.

ఒకసారి బంద్ రోజున మా అమ్మాయికి ప్రాక్టికల్ పరీక్ష ఉంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఏడింటికి గేటు చప్పుడైంది. నేరేడ్‌మెట్ నుంచి నడిచి వచ్చాడు. "ఇంత దూరం ఎలా నడిచావయ్యా?" అంటే, "కాళ్లకు పెట్రోలు వొయ్యనక్కర్లేదమ్మా, మీకు లెక్క రాసుడు తక్లీఫ్ సుత లేదు" అన్నాడు. గల్లీల్లోంచి తిప్పి పిల్లను కాలేజీ గేటు దగ్గర దించి, పరీక్ష అయ్యేదాకా ఉండి తీసుకొచ్చాడు. నేను టీ ఇచ్చాను. అతను తాగుతుండగా వెళ్లి రీడింగు చూసుకున్నాను. ఆ పని చేసినట్టు ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

తరువాతి వేసవిలో మావారు కారు అమ్మేద్దామన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం అల్వాల్ నుంచి ఒక హెడ్‌మాస్టరుగారు వచ్చారు. ఆ ఏడాదే రిటైరయ్యారట, జీవితంలో మొదటి కారు కొనుక్కుంటున్నారు. భార్యనూ, ఇద్దరు మనవరాళ్లనూ వెంటబెట్టుకొచ్చారు. పిల్లలు అప్పుడే వెనక సీటెక్కి కూర్చున్నారు. నేను నిమ్మరసం కలిపి వరండాలోకి తెచ్చాను. మా డ్రైవర్ ముందు అద్దం తుడుస్తున్నాడు.

"మొదటినుంచీ మా చేతిలోనే ఉంది. తొంభైఎనిమిది వేల ఏడొందలు తిరిగింది, అంతే. లక్ష కూడా దాటలేదు" అన్నారు మావారు.

"లక్షకు ఇంజన్లో బెల్టు మార్చాలంటారు కదండీ?" అని హెడ్‌మాస్టరుగారు అడిగారు.

"దానికింకా టైముంది. నాలుగైదు నెలలు నిశ్చింతగా తిరగండి."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సార్, మీటర్ను నమ్మకుండ్రి" అన్నాడు హెడ్‌మాస్టరుగారితో. "గండ్ల ఇంకో రెండు వేలు కలుపుకోండ్రి. ఏడాది సంది వారానికి మూడు మాపులు మీటర్ తీగ ఇప్పి నడిపిన. తీగ ఇప్పితే బండి ఉరుకుతది, గని మీటర్ తిరగది. లక్ష దాటి నెలైతుంది. బెల్టు ఇయ్యాలనే మార్పియ్యుండ్రి. నడిరోడ్డు మీద తెగితే పరేషాన్ అయితది, పిల్లలు గూసుంటరు గండ్ల."

"ఎవరు విప్పమన్నారయ్యా?" అన్నారు హెడ్‌మాస్టరుగారు.

"నేనే ఇప్పిన సార్."

అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. నా చేతిలో పళ్లెం అలాగే ఉంది. మీటరు తక్కువ చూపిస్తే డ్రైవరుకు వచ్చేదేముంది? నేను మావారి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు.

హెడ్‌మాస్టరుగారు ఆలోచించి చెబుతానని పిల్లల్ని దింపుకుని వెళ్లిపోయారు. గేటు మూసుకోగానే మావారు "నిన్నెవడు అడిగాడయ్యా మధ్యలో?" అని అరిచారు. అతను గుడ్డ పిండి ఆరేశాడు. తాళం చెవి వరండా గట్టుమీద పెట్టాడు. "అమ్మా, టైర్లల్ల గాలి నిన్ననే కొట్టిచ్చిన" అని నాతో చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆగమని నేను అనలేదు.

ఆ సాయంత్రం పుస్తకం తీసి, ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కలిపి మళ్లీ భాగించాను. పదకొండు వచ్చింది. లీటర్లను అనుమానించాను, బంకును అనుమానించాను, మనిషిని అనుమానించాను. మీటరును మాత్రం దేవుడి మాటలా నమ్మాను. రోజుకు ఇరవైఆరు చొప్పున నెలకెంత తిరగాలో ఒక్కసారి వేళ్లమీద కూడినా బయటపడేది.

"లక్ష దాటితే ధర పడిపోతుందన్నారు" అన్నారు మావారు. "రోజూ విప్పితే నువ్వు పట్టేస్తావని వారానికి మూడు సాయంత్రాలు విప్పమన్నాను. మళ్లీ పొద్దున్నే బిగించమన్నాను. మైలేజీ లెక్క మీద పడుతుందని తట్టలేదు."

"నేను అతన్ని దొంగ అన్నప్పుడైనా చెప్పవచ్చు కదా?"

"చెబుదామనుకునేలోపే నువ్వు కూడికలో చెప్పేశావు. నేను సంఘ పెద్దను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

అతను తప్పే చేయలేదని నేను అనను. యజమాని చెప్పాడని ఏడాదిపాటు తీగ విప్పాడు, నాతో నీళ్లని అబద్ధమాడాడు. తన మీద నింద పడినప్పుడు సార్ పేరు బయటపెట్టలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల పిల్లలు వెనక సీట్లో కూర్చునేసరికి మాత్రం నోరు విప్పాడు. ఆ హెడ్‌మాస్టరుగారు నెల తరువాత మళ్లీ వచ్చారు. తగ్గించిన ధరకు మా కారే తీసుకున్నారు. "ఇంకెక్కడ కొన్నా ఇంత నిజం చెప్పే డ్రైవరు ఉండడు కదండీ" అన్నారు.

అతను వెళ్లిపోయిన వారం కూడికలో కార్యదర్శి అమ్మగారు పుస్తకం చూసి అడిగారు, "మీ డ్రైవర్ సంగతి ఏమైందమ్మా?" అని. నేను "మానేశాడండి" అన్నాను. ఎవరో "ప్రార్థనకు జవాబు వచ్చింది" అన్నారు. మీరంతా స్తోత్రం చెప్పారు. నేను కూడా చెప్పాను.

అతను పని కోసం మన సంఘంలోనే మూడిళ్లు తిరిగాడని తరువాత తెలిసింది. ఎవరూ పెట్టుకోలేదు. చివరికి నేరేడ్‌మెట్‌లో స్కూలు వ్యాన్ నడుపుకున్నాడు, నాలుగేళ్లు. మెట్టుగూడ చౌరస్తాలో రెండుసార్లు కనబడ్డాడు. రెండోసారి వ్యాన్ ఆపి మరీ పలకరించాడు.

"మంచిగున్నరా అమ్మా? కొత్త బండి ఎంతిస్తుంది?"

"పదహారు ఇస్తోందయ్యా."

"జూస్కుంట ఉండుండ్రి" అని నవ్వాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక బస్సు హారన్ కొట్టింది. అతను వెళ్లిపోయాడు. హారన్ కొట్టకపోయినా చెప్పేదాన్నో లేదో! నామీద నాకు ఆ అనుమానం ఇప్పటికీ ఉంది.

అతని భార్య ఫోను వచ్చిన సాయంత్రం మావారితో, "ఈ శుక్రవారం కూడికలో జరిగింది చెప్పేస్తాను" అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నా పేరు కూడా చెప్పు. సగం చెబితే మళ్లీ అతనిమీదే పడుతుంది" అన్నారు.

శుక్రవారం రానివాళ్ల కోసం ఇదంతా మళ్లీ రాస్తున్నాను. వచ్చినవాళ్లకు తెలుసు, నేను చెప్పడం ముగించాక కార్యదర్శి అమ్మగారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. "మా ఇంటికి పనికోసం వచ్చిన రోజు ఎండలో గేటు బయటే నిలబెట్టి పంపేశాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు" అన్నారు. మర్నాడు ఆవిడా నేనూ ఆటోలో నేరేడ్‌మెట్ వెళ్లాం.

అతని భార్య గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. నేను నిలబడే చెప్పాను. పెట్రోలు సంగతి, తీగ సంగతి, చర్చిలో నేను అన్న మాట, నిన్న అదే చోట వెనక్కి తీసుకున్న మాట. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకెర్కనే" అంది. "ఆయన గప్పుడే చెప్పిండు. సార్ ఇప్పమన్నడు, అమ్మ లెక్కల దొరికిన అని నవ్విండు."

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"గిప్పుడు చెప్తే ఆయనకు ఇనవడ్తదా?" చాట పక్కన పెట్టింది. "చర్చిల చెప్పిన్రు, మంచిది. మరి మా గల్లీల? చర్చోళ్లు పెట్రోల్ దొంగ అని ఎల్లగొట్టిన్రట అని గీడ సుత అందరు అన్నరు. నాలుగేండ్లు ఇన్న. గాళ్లకు ఎవరు చెప్పాలె?"

గల్లీ మొదట్లో కుళాయి దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. ఆమె ముందు నడిచింది. మేం వెనక నడిచాం. "ఓ అక్కా, జెర ఇనుండ్రి. ఈమెనే ఆయన పనిచేసిన ఇంటి అమ్మ" అని నన్ను ముందుకు తోసినంత పని చేసింది. కూడికలో మాటలు ముందే రాసుకుని వెళ్లాను. ఇక్కడ కాగితం లేదు. "అతను చుక్క పెట్రోలు తియ్యలేదు. దొంగ అన్నది నేను. తప్పు నాది, మా ఇంటిది" అన్నాను. గొంతు సరిపోలేదు. వెనక ఉన్న ఒకావిడ "ఏమన్నది?" అని అడిగింది. రెండోసారి గట్టిగా చెప్పాను.

కుళాయి కింద బిందె నిండి, నీళ్లు అంచు మీంచి పొర్లి వాళ్ల పాదాల మధ్యనుంచి పారుతున్నాయి. కట్టేయడానికి ఒక్కరూ వంగలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

అతని భార్య ముఖంలోకి చూశాను. క్షమించిందో లేదో నాకు తెలియలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "ముట్టింది. ఇగ పోండ్రి" అంది.

శనివారం, పందొమ్మిదో తారీఖు. డ్రైవరుకు బాకీపడిన మాట ఒకటి. చెల్లు.